బావ కోసింది, అక్క అతికించింది

చేపలు కావాలని నేను ఎవరినీ అడగలేదు. ఆ వేసవి అంతా ఈ మాట ఎవరికీ చెప్పలేకపోయాను, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మా బావ మోటారు సైకిల్ వెనక కాగితం అంటించిన పెద్ద పెద్ద పలకల్ని తాళ్ళతో కట్టుకుని, గాలికి అటూ ఇటూ ఊగుతూ మా వీధి మలుపు తిరిగినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాను. అప్పుడప్పుడే సెలవులు మొదలయ్యాయి. శబ్దానికి అమ్మ బయటికి వచ్చింది.

"ఏంటి బాబూ ఇవి, తలుపులా?"

"కాదత్తయ్యా. అక్రిలిక్ షీట్లు. అక్వేరియం చేద్దామని."

"అంటే?"

"చేపల తొట్టి. అద్దంలాగే ఉంటుంది గానీ అద్దం కాదు. చెయ్యి జారినా ముక్కలవదు."

"మనింట్లో చేపల తొట్టి ఎవరికి బాబూ?"

బావ తడబడ్డాడు. ఆయన చూపు లోపలి గది తలుపు మీదికి వెళ్ళి, అక్కడ నిలవలేక తిరిగొచ్చి, చివరికి నా మీద పడింది.

"మరదలు అడిగింది," అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వా? నోరు తెరిచి మంచినీళ్ళు కూడా అడగవు కదే!"

నేను తల దించుకున్నాను. బిడియస్తులకి ఇదో కష్టం. నిజానికీ అబద్ధానికీ ఒకేలా తల దించుకుంటాం. అమ్మ దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేసింది.

ఆ లోపలి గదిలో మా అక్క ఉంది. అక్క నర్సు. ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. ఒళ్ళు కుదుటపడ్డాక వెళ్తుందని అందరం అనుకున్నాం. ఒళ్ళు కుదుటపడింది గానీ అక్క గది దాటి రాలేదు. బావ మీద కోపం కాదు. కోపమైతే మాకు తేలికగా ఉండేది, సర్ది చెప్పేవాళ్ళం. ఆయన వచ్చిన రోజున తలుపు దగ్గరికి వేసుకునేది, అంతే.

బావ పట్నంలో దుకాణాలకి బోర్డులు చేసే షాపులో అక్షరాలు కోస్తాడు. సెలవు దొరికిన రోజున వచ్చి, వసారాలో కుర్చీ అంచు మీద చుట్టంలా కూర్చుని, నాన్నతో ఎండల గురించి మాట్లాడి, టీ తాగి, తలుపు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. మా నాన్న బడి బస్సు డ్రైవరు. సెలవుల్లో ఆయనకీ బస్సుకీ పనుండదు. ఇద్దరూ చెరో నీడన పడి ఉంటారు. కాబట్టి ఎండల గురించి మాట్లాడటానికి ఆయనకి అభ్యంతరం లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. బావకి దూరాన ఇంకో ఊళ్ళో పెద్ద వర్క్‌షాపులో పని కుదిరింది. బళ్ళు తెరిచే వేళకి అక్కడ చేరాలి. ఆ సంగతి అమ్మ అక్కకి చెబితే, "ఆయన్ని వెళ్ళమనమ్మా. నేను ఎక్కడికీ రాను. నన్నిక అడక్కండి," అంది. ఆ మాట బావకి చేరవేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. బావ కూడా అడగలేదు. షీట్లు తెచ్చాడు.

*

"సైలెన్సర్, ఆ కొస పట్టుకో."

బావ నాకు పెట్టిన పేరది. నేను మాట్లాడనని. మోటారు సైకిల్‌కి సైలెన్సరు ఉన్నా చప్పుడు చేస్తుందని, నాకు ఆ మాత్రం చప్పుడు కూడా లేదని ఆయన ఫిర్యాదు.

షీటుని బల్ల మీద పరిచి, పైనున్న కాగితం మీదే పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఆ కాగితం తియ్యకూడదు. తీస్తే గీతలు పడతాయి. పనంతా అయ్యాకే తియ్యాలి. ఇనుప స్కేలు ఆనించి, కొక్కెంలా వంగిన కత్తితో ఆ గీత వెంటే లాగేవాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ, అదే గీత మీద. సన్నటి తెల్లటి తురుము రాలేది. గీత లోతయ్యాక షీటుని బల్ల అంచుకి ఆనించి రెండు చేతులతో నొక్కితే, టప్పుమని విరిగి రెండయ్యేది. ఆ చప్పుడుకి నాన్న ప్రతిసారీ మంచం మీద ఉలిక్కిపడేవాడు.

"అల్లుడూ, చెప్పి విరవవయ్యా."

"చెప్పి విరిస్తే ఇంకా భయపడతారు మామయ్యా."

పొడుగు అంచుల్ని షాపులోనే మెషీన్ రంపం మీద కోసి తెచ్చాడు. పొట్టివి ఇక్కడ చేత్తో కోస్తున్నాడు. కోసిన అంచుని కత్తి వీపుతో గీకి నున్నగా చెయ్యడం నా పని. వేలు వేసి రాస్తే ఎక్కడా తగలకూడదు. తగిలితే అక్కడ జిగురు పట్టదట.

ఆ రోజు నేను ధైర్యం చేసి ఒక్క ప్రశ్న అడిగాను. "బావా, చేపల తొట్టే ఎందుకు?"

బావ కత్తి ఆపలేదు. "నాకు అక్రిలిక్ తప్ప ఏం వచ్చు చెప్పు? అక్షరాలు చేసుకొచ్చి మీ ఇంటి ముందు బోర్డు కట్టనా?" అని, గొంతు తగ్గించి, "ఊరికే కూర్చుంటే అల్లుడు గంట కంటే ఎక్కువ ఉండలేడు. పని పెట్టుకుంటే పొద్దుగూకే దాకా ఉండొచ్చు," అన్నాడు.

గది తలుపు నాలుగు వేళ్ళు తెరిచి ఉంది. పొద్దున అది మూసే ఉందని నాకు గుర్తు. బావ కూడా చూశాడు. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

అంతలో పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె మా ఇంటికి రావడానికి కారణం అక్కర్లేదు. గోడ ఒక్కటే అడ్డం.

"ఏంటి, అల్లుడు గాజు మేడ కడుతున్నాడా?" అంటూ బల్ల చుట్టూ తిరిగి చూసి, అమ్మ పక్కన చతికిలబడింది. "ఎలా ఉందే పిల్ల? ఏమన్నా తింటోందా? అయినా నేనప్పుడే అనుకున్నా. కడుపుతో ఉన్నదాన్ని ఆ రాత్రి డ్యూటీలు చెయ్యనిస్తారా ఎవరైనా? ఇంటి పట్టున ఉంటే ఇంత దాకా వచ్చేదా?"

పెద్దమ్మ చెడ్డది కాదు. అక్క చిన్నప్పుడు ఆమె ఒడిలోనే పెరిగింది. ఆ మాట చెడ్డదని ఆమెకి తెలియదు, అంతే. అమ్మ "కాస్త టీ తాగక్కా," అని లేచింది. బావ చేతిలో కత్తి గీత తప్పి కాగితం మీద పక్కకి పోయింది.

తలుపు మూసుకుంది. చప్పుడు కూడా కాలేదు.

*

అతికించే రోజు వచ్చింది. అసలు భయం అక్కడే అని బావ ముందే చెప్పాడు. షాపులో ఆయన కోతగాడు. అతికించే మేస్త్రీ వేరే ఉంటాడు.

"అయినా అక్షరాలకి ఎలా అతికించినా పరవాలేదు. అక్షరంలోంచి నీళ్ళు కారవు కదా," అన్నాడు.

అతికించే మందు జిగురులా ఉండదు. నీళ్ళకంటే పల్చగా ఉంటుంది, ఘాటు వాసన. అంచుల దగ్గర మాత్రం కాగితం కొద్దిగా ఒలిచి, నిలబెట్టిన పలకకీ పడుకోబెట్టిన పలకకీ మధ్య గుండుసూదులు పెట్టి వెంట్రుకంత సందు ఉంచాలి. ఆ సందు వెంట సిరంజితో మందు వదలాలి. అది తనంతట తనే లోపలికి పాకుతుంది. కాసేపాగి గుండుసూదులు లాగేస్తే పలక కిందికి దిగి, రెండూ కరిగి ఒకటైపోతాయి. ఆగితే బుడగ, తొందరపడితే బుడగ. బుడగ ఉన్న చోట ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు దారి చేసుకుంటాయి. ఒకసారి అతుక్కున్నాక విడదీయడం ఉండదు.

బావ ముందు తునకల మీద ప్రయత్నించాడు. ఒకదాని నిండా బుడగలు. రెండోదాంట్లో ఇంకా ఎక్కువ. మూడోసారి సిరంజి ఒత్తేసరికి మందు చిమ్మి కాగితం మీద మడుగు కట్టింది.

"సోడా కొట్టినట్టుంది," అన్నాడు నాన్న మంచం మీంచి.

"మామయ్యా, మీరు పడుకోండి."

"పడుకుంటే టప్పుమనిపిస్తావు, లేస్తే పడుకోమంటావు."

బావ నవ్వలేదు. చెమట కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుని నాలుగో తునక తీసుకున్నాడు. అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది.

"సిరంజి అలాగేనా పట్టుకునేది? పొడిచి చంపేలా ఉన్నారు."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు ముడేసుకుంది. చాలా రోజుల తర్వాత పగటి వెలుగులో చూశానేమో, మొహం చిన్నదైపోయినట్టు అనిపించింది. నాన్న లేచి కూర్చున్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

బావ సిరంజి ముందుకి చాపాడు.

"సూది కూడా లావుది," అంది అక్క. లోపలికి వెళ్ళి తన సంచీ తెచ్చింది. సన్న సూది తీసి బిగించింది. కింద బాసింపట్టు వేసుక్కూర్చుని పలకల్ని కాసేపు పరీక్షగా చూసింది. "ఎక్కణ్ణుంచి?"

"ఈ... ఈ మూల నుంచి. వెనక గోడా, ఈ పక్క గోడా ముందు. తునక మీద ఒకసారి చూసుకుంటావా?"

"వద్దు."

అక్క చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సంచీలోంచి దూది తీసి, చిన్న సీసాలోంచి తడిపి, అంచులన్నీ ఒక్కొక్కటే పొడుగూతా తుడిచింది. సూది గుచ్చే ముందు చర్మాన్ని తుడిచినట్టు, మెత్తగా, ఒకే వైపుకి. అది స్పిరిట్. అక్రిలిక్‌కి స్పిరిట్ తగలకూడదని బావకి తెలుసు. కానీ ఆయన సీసా వైపు చూడలేదు. అక్క చేతుల్నే చూస్తున్నాడు.

సూది మూలన ఆనింది. అక్క ఊపిరి బిగబట్టింది. మేమూ బిగబట్టాం. సన్నటి తడి గీత సందులో పాకుతూ పోయింది, దాని వెనకే సూది, ఆగకుండా, తొందర లేకుండా. చివరికి చేరాక అక్క నా వైపు చూసింది. నేను గుండుసూదులు ఒక్కొక్కటే లాగాను. పలక కిందికి దిగి నిలబడింది. అతుకు ఉన్న చోట ఏమీ లేదు. పలకల నీడ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఒక్క బుడగ లేదు," అన్నాడు బావ.

"ముసలివాళ్ళ నరం దొరకబుచ్చుకోవడం కంటే తేలికే," అంది అక్క, సూదికి మూత పెడుతూ.

ఆ పూట అక్క మాతో కూర్చుని అన్నం తింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడితే లేచి వెళ్ళిపోతుందేమోనని అందరం ఉప్పు గురించే మాట్లాడాం. బావ మొదటిసారి మా ఇంట్లో ఉండిపోయాడు, పొద్దున్నే ఇట్నుంచి ఇటే పనికి వెళ్తానని. డైరీలో ఆ రోజు 'అక్క వసారాలోకి వచ్చింది' అని ఒక్క వాక్యమే రాశాను. ఇంకేం రాసినా ఎక్కువే అనిపించింది.

*

పొద్దున్న నేను వాకిలి ఊడుస్తుంటే అక్క పిలిచింది.

"ఇలా రా. ఇదేంటే?"

అతికించిన వెనక గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పలక పొడుగు అంచు వెంబడి సన్నటి పగుళ్ళు. పాత పింగాణీ కప్పు అడుగున ఉంటాయే, అలాంటివి, వందలు. నిన్న సాయంత్రం అవి లేవు.

బావ మొహం కడుక్కుంటూ వచ్చి చూశాడు. తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది. ఆయన కళ్ళు నేల మీద ఉన్న సీసా మీదికి వెళ్ళాయి.

"స్పిరిట్టా అది?"

"అవును. తుడవకూడదా?"

బావ అబద్ధం ఆడలేడు. నా మీద ఆడిన ఆ ఒక్కటీ తప్ప. "కూడదు," అన్నాడు.

"మరి చెప్పలేదే?"

"చూళ్ళేదు."

అక్క లేచి నిలబడింది. తన రెండు చేతుల్నీ ఒకసారి చూసుకుంది. "నా చెయ్యి పడితే ఇంతే," అంది మెల్లగా. "ఏదీ నిలవదు." లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి గడియ చప్పుడు వినిపించింది.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని, తలుపు వైపు ఒకడుగు వేసి ఆగిపోయింది. "తొట్టీ వద్దు గిట్టీ వద్దు బాబూ. బయటికి వచ్చిన పిల్ల మళ్ళీ లోపలికి పోయింది," అంది.

బావ పనికి వెళ్ళలేదు. పగుళ్ళ పలక ముందు గొంతుక్కూర్చుని వేలితో తడిమి తడిమి చూశాడు. తర్వాత లేచి వెళ్ళి గది తలుపు పక్కన గోడకి చేరగిలబడ్డాడు.

"విను," అన్నాడు తలుపుతో. "పొట్టి అంచులు కూడా తుడిచావు కదా? వాటికి ఒక్క పగులు లేదు. పొడుగు వాటికే వచ్చింది. పొట్టివి నేను చేత్తో కోశాను. పొడుగువి మెషీన్ మీద."

తలుపు వైపు ఇంకాస్త జరిగాడు.

"ఆ రోజు త్వరగా ఇక్కడికి వచ్చేయాలని రంపం మీద గబగబా తోసేశాను. అంచు కాలిన వాసన కూడా వచ్చింది. అలా వేడెక్కితే షీటు లోపల బిగువు పడిపోతుంది. బయటికి ఏమీ కనపడదు. అద్దంలా ఉంటుంది. కానీ లోపల పగులు మొదలైపోయినట్టే. స్పిరిట్ దాన్ని బయట పెడుతుంది, అంతే. నువ్వు తుడవకపోయినా పగిలేదే. నీళ్ళు పోశాకో, చేపలు వేశాకో."

"ఓదార్చడానికి చెప్తున్నారు," అంది లోపలి నుంచి అక్క.

బావ లేచి, తునకల కుప్పలో వెతికి రెండు ముక్కలు తీశాడు. ఒకటి మెషీన్ మీద కోసింది, అంచు పొగ చూరినట్టు ఉంది. ఇంకోటి చేత్తో కోసింది. దూదీ సీసా కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సైలెన్సర్, నువ్వు వెళ్ళు. తనే తుడిచి చూసుకోమను. నేను తుడిస్తే మాయ చేశానంటుంది."

తలుపు తట్టడం నాకు ఎప్పుడూ చేతకాదు. మెల్లగా గోకాను. గడియ తీసిన చప్పుడైంది.

అక్క మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండు ముక్కల్నీ కిటికీ గట్టు మీద పెట్టాను. "బావ తుడిచి చూడమన్నాడు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అక్క లేచి వచ్చి దూది తడిపింది. ఒక ముక్క అంచు తుడిచింది. రెండోదీ అలాగే, అంతే మెత్తగా, ఒకే వైపుకి. ఇద్దరం గట్టు మీదికి వంగి చూస్తూ నిలబడ్డాం. బయట పంపు దగ్గర ఎవరో బిందె పెట్టారు, నిండింది, తీసుకెళ్ళారు. మళ్ళీ తుడిచింది. మెషీన్ ముక్క అంచులో ఒక వెంట్రుక లాంటిది కనిపించింది. పక్కనే ఇంకోటి. చూస్తుండగానే అంచంతా పాకాయి. చేత్తో కోసిన ముక్క నీటిబొట్టులా అలాగే ఉంది.

అక్క పగిలిన ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది," అంది. బావతో కాదు, నాతోనూ కాదు, ఆ ముక్కతో అన్నట్టు. "లోపం మొదట్నుంచీ ఉందంది. నువ్వు డ్యూటీలు చేసినా, మంచం మీద పడుకున్నా ఇదే అయ్యేదంది. ఓదార్చడానికి అంటోందనుకున్నా. మేమూ రోగుల వాళ్ళతో అలాగే అంటాం కదా."

"టీ తెమ్మంటావా అక్కా?" అన్నాను.

అక్క నా వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, కానీ పెదవి చివర ఏదో కదిలింది. "తే. ఆయనక్కూడా," అంది.

నేను తలుపు తీసేసరికి బావ గబుక్కున లేచి గోడ మీద మేకేదో పరీక్షిస్తున్నట్టు నిలబడ్డాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. అక్క ఆ రెండు ముక్కలూ పట్టుకుని నా వెనకే వచ్చింది.

"పగిలిన మేర ఎంత కోసెయ్యాలి?"

"రెండు వేళ్ళు. అటూ ఇటూ కలిపి నాలుగు. తొట్టి చిన్నదైపోతుంది."

"అవనివ్వండి," అంది అక్క. "చేత్తో కొయ్యండి. మెల్లగా."

*

తర్వాతి వారాల్లో మా వసారా వసారాలా లేదు. నాన్న మంచం పెరట్లోకి పోయింది. అమ్మ ఎక్కడ అడుగు వేసినా "అత్తయ్యా, కింద షీటు!" అని కేక. బావ వచ్చిన రోజున కోత, రాని రోజుల్లో నేనూ అక్కా అంచులు గీకడం. నాకు సిరంజి పట్టడం నేర్పింది. తునకల మీద నా అతుకులు చూసి, "నీకు బుడగలు తప్పవు. ఊపిరి తీసుకుంటున్నావు మధ్యలో," అనేది.

"ఊపిరి ఆపేస్తే చచ్చిపోతాను కదా!"

"అమ్మో, మాట్లాడింది!" అని బావ కత్తి పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. "మామయ్యా, సైలెన్సరు ఊడిపోయింది!"

పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. "ఇంకా అవలేదా మీ మేడ?" అంది. అక్క తల ఎత్తకుండానే, "అయ్యాక గృహప్రవేశానికి నిన్నే ముందు పిలుస్తాలే పెద్దమ్మా. ఆ గుండుసూదుల డబ్బా ఇలా అందుకో," అంది. పెద్దమ్మ అందుకుంది. ఆ తర్వాత పొద్దెక్కే దాకా అక్కడే కూర్చుని, ఎవరూ అడక్కుండానే గుండుసూదులు ఏరి ఇస్తూ ఉండిపోయింది.

నాలుగు గోడలూ నిలబడ్డాయి. అడుగు అతికింది. నీళ్ళ బరువుకి గోడలు ఉబ్బకుండా పైన చుట్టూ పట్టీలు వేశారు. కాగితాలు ఊడదీసిన రోజున మా అమ్మ తొట్టి లోపల చెయ్యి పెట్టబోయి గోడకి గుద్దుకుంది. అక్కడ గోడ ఉన్నట్టే కనిపించలేదట.

నీళ్ళ పరీక్ష పెరట్లో పెట్టారు. బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచి, వాటి మీద తొట్టి పెట్టారు. చుక్క కారినా కాగితం చెబుతుంది. నాన్న బకెట్లతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే అక్క పక్కన నిలబడి, "మెల్లగా నాన్నా, కొంచెం కొంచెం," అంటూనే ఉంది. నీళ్ళు సగానికి వచ్చాయి. సగం దాటి, పై పట్టీల దాకా వచ్చాయి. బావ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అక్క వంగి ఒక్కో మూలా చూసింది. నాన్న ఏకంగా బల్ల మీదికి వాలి, తొట్టి అడుగున కాగితం మీదికి మెడ చాపాడు.

"తడి!" అని అరిచాడు.

అందరం ఒక్కసారిగా వంగాం. కాగితం మీద గుండ్రటి మచ్చ. అక్క మొహం పాలిపోయింది. ఆమె వేలితో దాన్ని తాకుతుండగానే, పక్కనే ఇంకో చుక్క టప్పున పడింది.

"మామయ్యా," అన్నాడు బావ, "అది మీ నుదుటి మీంచి."

నాన్న బట్టతల తడుముకున్నాడు. చెమట. మొదట అక్క నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నవ్వలేక, ఆపుకోలేక పంపు దగ్గరికి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. చాలాసేపు కొట్టుకున్నాడు.

తొట్టి ఆ రోజూ కారలేదు, ఆ తర్వాతా కారలేదు.

కానీ తొట్టి పూర్తయిపోవడం చూసి నాకు భయం వేసింది. ఇక బావకి మా ఇంట్లో పని లేదు. అక్క ఏమీ చెప్పలేదు. బావ ఏమీ అడగలేదు. అమ్మ రోజుకోసారి నా చెవిలో, "నీతో ఏమైనా అందా?" అని గుసగుసలాడేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

*

నాన్న బస్సు కడగడం మొదలుపెట్టాడంటే బడి తెరుస్తున్నారని అర్థం. మొదటి మబ్బులు పట్టిన ఆ పొద్దున మా ఇంటి ముందు చిన్న లారీ ఆగింది. పట్నంలో అక్కా బావా ఉన్న గదిలోని సామానంతా దాంట్లో ఉంది. మంచం, బీరువా, పొయ్యి, మడత కుర్చీలు. బావ డ్రైవరు పక్కనుంచి దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"వెళ్ళొస్తానత్తయ్యా," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బావ వైపు కాకుండా లారీ వైపు నడిచింది. చుట్టూ తిరిగింది. "బీరువా అద్దం ఇలాగా కట్టేది? మొదటి గుంటకే పోతుంది," అని, చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది. తాడు విప్పి, దుప్పటి మడత పెట్టి అద్దానికీ మంచం పట్టెకీ మధ్య దూర్చి, మళ్ళీ బిగించి కట్టింది. డ్రైవరు గడియారం చూసుకున్నాడు.

"తొట్టి కూడా ఎక్కించనా?" అన్నాడు బావ కింద నుంచి. "జాగా ఉంది. నీకు... అంటే, మీకు అక్కర్లేకపోతే."

"వద్దు. అది చెల్లికి." అక్క పైనుంచే చూసింది. "అక్కడ గదికి కిటికీ ఉందా?"

"ఉంది."

"కిటికీ కింద గోడ ఎంత పొడవు?"

బావ చేతులు చాపి ఇంత అని చూపించబోయి, ఆపేశాడు. "తెలీదు. సరిగా చూళ్ళేదు."

"చూడకుండానే అద్దెకి తీసుకున్నారా?"

"నా ఒక్కడికే కదా అని..."

లారీ ఇంజను ఆగి ఉంది. వీధిలో ఎవరి సైకిల్ బెల్లో మోగి దూరమైంది. అక్క తాడు చివర ముడి వేసింది. దాన్ని ఒకసారి లాగి చూసింది.

"అయితే వెళ్ళి కొలుద్దాం," అంది. "ఈసారి పొడుగు అంచులు కూడా చేత్తోనే."

బావ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఆపడం ఆయనకి తట్టినట్టు లేదు. అక్క దిగడానికి చెయ్యి చాపితే పట్టుకోవాలని కూడా తెలియలేదు. డ్రైవరు వచ్చి పట్టుకున్నాడు.

అమ్మ లోపలికి పరిగెత్తి, అక్క బట్టల సంచీతో తిరిగొచ్చింది. జిప్పు వేసి ఉంది. పక్క జేబులో దువ్వెనా మందులూ కూడా ఉన్నాయి. అంత త్వరగా సర్దడం ఎవరి వల్లా కాదు. అక్క సంచీ వైపూ, అమ్మ వైపూ చూసింది.

"ఎప్పుడు సర్దావే?"

"సర్దానులే ఎప్పుడో," అంది అమ్మ, అటు తిరిగిపోతూ.

అక్క మధ్యలో కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. బావ ఇవతల కూర్చుని తలుపు వేసుకున్నాడు. లారీ కదిలింది. మలుపు దాకా వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కిటికీ ఉన్నది తూర్పు గోడకి అని బావ, తూర్పైతే ఎండ తగిలి నీళ్ళు పచ్చబడతాయని అక్క, తూర్పు కాదేమో, పడమర కావచ్చని బావ, ఆ మాత్రం కూడా చూడకుండా ఎలా వచ్చారని అక్క.